గేయమునందుఁ గాకువు: బాబ్ డిలన్ పాటలు

కావ్యము చదువఁబడునదియా, వినఁబడునదియా యను వివాదము ప్రాచీనమే యైనను 2016వ సంవత్సరమున మరల రేఁగెను. ఆ యేఁడు అక్టోబరు 13వ తేదీని స్వీడిషు అకాడమీవారు సాహిత్యమునకైన నోబెల్ బహుమానమును బాబ్ డిలన్ అను నమెరికా రాక్ గాయకునకుఁ బ్రకటించిరి. విద్యుద్వాద్యములతోఁ బాడువాఁడు కవిపీఠ మెక్కుట తగునా యని యాక్షేపించినవారు పెక్కురు. పాటలోని వాద్యమును గంఠమును దీసివైచి, మాటలను మాత్రమే కాగితముమీఁదఁ జదివినచోఁ గావ్యత్వము నిలుచునా యనునది వారి ప్రశ్నము. ఈ ప్రశ్నమునందే దోష మున్నది. తీసివేయఁబడిన కంఠము పాటకుఁ దొడవు గాదు, అర్థములో భాగము. డిలన్ చరిత్రమును రచనలను బరిశీలించినచో నీ సంగతి తేటపడఁగలదు.

ఇతని జన్మనామము రాబర్టు అలెన్ జిమ్మర్‌మన్. 1941 మే 24వ తేదీని మిన్నెసోటా రాష్ట్రమందలి డులూత్ పట్టణమున జన్మించి, యినుపరాతి గనులకు నెలవైన హిబ్బింగ్ అను నూరఁ బెరిగెను. పాఠశాలలో నుండఁగనే రాక్ అండ్ రోల్ మేళములు గూర్చుకొని పాడెను. 1959లో విశ్వవిద్యాలయమునఁ జేరి, చదువు ముగియకయే విడిచి, 1961 జనవరిలో న్యూయార్కు నగరము చేరెను. తనకు గురుప్రాయుఁడైన వుడీ గథ్రీ యను జానపదగాయకుఁడు రోగపీడితుఁడై యాస్పత్రిలో నుండఁగా నతనిని దర్శించెను. 1962లో వెలువడిన ప్రథమసంపుటమున స్వీయరచనలు 2 మాత్రమే. తక్కినవి పూర్వులనుండి వచ్చినవి. మఱుసటి యేఁటి సంపుటమున 13 పాటలలో 11 తన రచనలే.

స్వీయరచనలనియెడు వానియందును బూర్వచ్ఛాయలు గలవు. ‘బ్లోయిన్ ఇన్ ది విండ్’ అను ప్రసిద్ధగీతపు వరుస బానిసల కాలపు పాట యొకదానినుండి పుట్టినది. ‘ఎ హార్డ్ రెయిన్స్ ఎ-గానా ఫాల్’ అను పాట ‘లార్డ్ రాండల్’ అను ప్రాచీన కథాగేయపు ప్రశ్నోత్తరక్రమము ననుసరించినది. ఇది చౌర్యమా? ఆనందవర్ధనుఁడు కవుల సంవాదమును బ్రతిబింబమువంటిది, చిత్రమువంటిది, తుల్యదేహివంటిది యని మూఁడు విధములుగా విభజించి, కడపటిదానిని గ్రాహ్య మనెను. ప్రాచీనగేయమునఁ దల్లి యడుగఁగా విషము తిన్న కొడుకు తన చావును దెలుపును. డిలన్ పాటలోఁ గొడుకు లోకమెల్లఁ దిరిగివచ్చి, తాఁ గన్న ఘోరములను విన్న యార్తనాదములను జెప్పును. దేహము పోలినది, జీవము వేఱు. కావున నిది మూఁడవ తెగలోనిదే.

ఇఁక స్వరవిషయము. వేదపండితుల కిది క్రొత్త గాదు. త్వష్ట చేసిన హోమమున నింద్రశత్రుపదము నంతోదాత్తముగాఁ బలుకవలసియుండఁగా నాద్యుదాత్తముగాఁ బలుకుటచేఁ దత్పురుషము బహువ్రీహియై, యింద్రునిఁ జంపవలసిన వృత్రుఁ డింద్రునిచేతనే చచ్చె నని భాష్యసంప్రదాయము. అక్షరము లవియే, స్వరము మాఱెను, ఫలము తలక్రిందయ్యెను. లోకభాషలలో నీ పని కాకువు చేయును. అర్థవ్యంజకత్వమునకు హేతువులు చెప్పుచు మమ్మటుఁడు వక్తను, బోద్ధవ్యుని, గాకువును మొట్టమొదటనే పేర్కొనెను. డిలన్ పాటల కీ మూఁడును జక్కని పరీక్షాసాధనములు.

1965లో వెలువడిన ‘లైక్ ఎ రోలింగ్ స్టోన్’ ఆఱు నిమిషములకు మించిన గీతము. సిరిసంపదలు గోల్పోయి వీథినిఁ బడిన యొక స్త్రీని గాయకుఁడు నీ స్థితి యెట్లున్న దని మాటిమాటికి నడుగును. కాగితముపైఁ జదువరికి నిది వట్టి యెత్తిపొడుపు. వినువారికో, పైకెగయు కంఠమునం దెత్తిపొడుపుతోఁ గూడ జాలియు, నేమియు లేనివానికిఁ గలుగు స్వేచ్ఛపై మక్కువయు స్ఫురించును. ఇది కాకుమహిమ. ఆ యేఁడే జూలై 25వ తేదీని న్యూపోర్టు జానపదసంగీతోత్సవమున నితఁడు విద్యుద్గిటారుతోఁ బాడఁగా సభికులలోఁ గొందఱు కేకలు వైచి నిరసించిరి. 1966 మే 17వ తేదీని మాంచెస్టరు నగరసభలో నొకఁడు, క్రీస్తునకు ద్రోహము చేసిన శిష్యుఁడగు యూదా పేరుతో నితనిని బిలిచెను. డిలన్ బదులుగా నీ గీతమునే మహాఘోషముతో నెత్తుకొనెను. నాఁడు బోద్ధవ్య కథలోని స్త్రీ కాదు, ఎదుటనున్న సభయే. ఒక్క పదము మాఱకయే పాట క్రొత్త యర్థము దాల్చినది.

వక్తృభేదమునకు ‘టాంగిల్డ్ అప్ ఇన్ బ్లూ’ నిదర్శనము. 1974 సెప్టెంబరులో న్యూయార్కునఁ బాడినపు డందలి కొన్ని పాదములు ప్రథమపురుషమున నుండెను. డిసెంబరులో మినియాపొలిస్‌నఁ దిరిగి పాడి, 1975లోఁ బ్రకటించినపు డవి యుత్తమపురుషమునకు మాఱెను. 1984 నాఁటి సభలలోఁ బాడినపుడు మరలఁ బ్రథమపురుషము వచ్చి, మాటలును బెక్కు మాఱెను. ఆంగ్లమున భూతకాలక్రియలకుఁ బ్రాయికముగాఁ బురుషభేదమున రూపభేదము లేదు గనుక, సర్వనామము నొక్కదానిని మార్చిన నడక చెడదు. తెలుఁగున ‘చేసెను’ అనునది ‘చేసితిని’ కావలసివచ్చును. స్వల్పమైన యీ మార్పుచే నొకమాఱు పరులకథయు, నొకమాఱు స్వానుభవనివేదనమును నగుచున్నది. వీనిలో సాధుపాఠ మేది? తాళపత్రప్రతులను సంస్కరించు పద్ధతి యిచ్చటఁ జెల్లదు. పాఠాంతరములు లేఖకప్రమాదములు గావు, కర్తృసంకల్పములు.

దోషములును జెప్పవలయును. 1965 నాఁటి ‘డిసొలేషన్ రో’యందు సిండ్రెల్లా, ఒఫీలియా, ఐన్‌స్టీన్, ఎలియట్, పౌండు మున్నగువా రొకరి వెంట నొకరు వచ్చిపోవుదురు. వాక్యముల నడుమ నాకాంక్ష తెగినది. ఎడతెగని కంఠధార దానిని గొంత యతికించినను, బట్టికవలెఁ దోఁచు చరణము లున్నవి. 1988 జూన్‌నుండి సాగించిన సుదీర్ఘసంచారమున నుచ్చారణ మస్ఫుటమగుటచేఁ బదములే తెలియలేదని శ్రోతలు పలుమాఱు నొచ్చుకొనిరి. పదము వినఁబడనిచోఁ గాకువునకు నాశ్రయమే లేదు. కంఠము నర్థాంశముగా నంగీకరించువారు కంఠదోషమును గావ్యదోషముగా నంగీకరింపక తప్పదు.

2016 డిసెంబరు 10వ తేదీని జరిగిన బహుమానసభకు డిలన్ పోలేదు. ఆతని ‘హార్డ్ రెయిన్’ గీతమును బ్యాటీ స్మిత్ పాడుచు నడుమఁ దడఁబడి, క్షమింపుఁ డని వేఁడి, మరల నందుకొనెను. 2017 జూన్‌లో వెలువడిన నోబెల్ ఉపన్యాసమున డిలన్, పాటలు గ్రంథములవంటివి గావనియు, నవి పాడుటకే గాని చదువుటకుఁ గావనియుఁ దానే స్పష్టపఱచెను. అకాడమీ కార్యదర్శిని సారా డానియస్ హోమరును సాఫోను బోలికగాఁ జూపెను. ఆ పోలికలో నొక వెలితి గలదు: వారి కంఠములు నశించినవి.

ఆ వెలితి తెలుఁగువారి కనుభవసిద్ధము. అన్నమాచార్యుని సంకీర్తనములు తిరుమల రాగిఱేకులపై రాగనామములతో నిలిచినవి, కాని స్వరములు వ్రాయఁబడలేదు. పదకవితాపితామహుని పదమే మిగిలినది, కాకువు పోయినది. డిలన్ విషయమున మాట, కంఠము, మార్చిన పాఠములు, ధ్వనిముద్రికలయందుఁ బదిలముగా నున్నవి. గేయకావ్యమును గేయముగనే పరీక్షించుట కింతటి సామగ్రి పూర్వవిమర్శకులకు లేదు. దానిని వినక, మాటలపుస్తకము మాత్రము చదివి తీర్పు చెప్పుట, స్వరము విడిచి వేదమున కర్థము చెప్పుట వంటిది.