చెయ్యి సరేనన్నా వద్దు

ఈ వారం ఒక జాబితా నన్ను చికాకు పెట్టింది. మా వీధి కుర్రాడు చలికాలంలో ఉత్తరాఖండ్ కొండలకు ట్రెక్కింగ్ పోతాడట. బూట్లు, జాకెట్, గ్లౌజులు, పవర్ బ్యాంక్ అన్నీ రాసుకున్నాడు. "మంచు సంగతేందప్పా?" అంటే, "అదంతా గైడ్ చూసుకుంటాడు సార్" అన్నాడు.

నా పాత పాట మీకు తెలిసిందే: చేత్తో పట్టి చూడనిది నమ్మొద్దు. ఎమ్మిగనూరు రైతు వానొచ్చిందని వెంటనే గొర్రు కట్టడు. నల్లరేగడిని జానెడు తవ్వి, పిడికిట్లో నొక్కి పదును చూస్తాడు. మంచు తెలిసినవాళ్లూ గుంత తవ్వి, గోడ నున్నగా చెక్కి, ఒక్కో పొరనూ వేలితో పొడిచి చూస్తారు. అడుగున పట్టులేని పలుకుల పొర, దానిమీద గాలి తెచ్చిపోసి గట్టిపడిన పలక ఉంటే మనిషి బరువు చాలు. అడుగుపొర కూలి పలకంతా జారుతుంది.

2016 ఫిబ్రవరి 3న సియాచిన్‌లో 19,600 అడుగుల ఎత్తున సోనమ్ పోస్టు మీద మంచుగోడ విరిగిపడింది. 19 మద్రాస్ బెటాలియన్‌కు చెందిన 10 మంది కూరుకుపోయారు. వాళ్లలో అప్పటి మన కర్నూలు జిల్లా పార్నపల్లె సిపాయి ముస్తాక్ అహ్మద్ ఒకరు. ఆరు రోజులకు లాన్స్ నాయక్ హనుమంతప్ప కొప్పద్‌ను ప్రాణంతో తవ్వితీశారు. ఆ వారం ఆదోని పత్తి యార్డులో బోరాల మీద కూర్చున్న హమాలీలు ఒకే పేపరు చుట్టూ మూగారు. "అంత మంచు కింద ఊపిరెట్లా ఆడిందో!" అన్నాడొకాయన. గుడారంలో కాస్త గాలి చిక్కుకోబట్టి. మామూలుగా పావుగంట దాటితే ఆశ సన్నగిల్లిపోతుంది. ఫిబ్రవరి 11న హనుమంతప్ప కూడా కన్నుమూశాడు.

నెత్తిన వేలాడే గోడను పిడికిట్లో పట్టి చూసేదెట్లా? నా నమ్మకానికి అప్పుడే బీట పడింది. రైతు పదును తప్పు చూస్తే వారం పదిరోజుల్లో మొలకే చెబుతుంది. మంచు వాలు చెప్పదు. కూలాల్సిన వాలు మీద నడిచి క్షేమంగా తిరిగొచ్చినవాడు అదంతా తన నేర్పే అనుకుంటాడు. నిజంగా నేర్పున్నా తప్పలేదు: 2022 అక్టోబర్ 4న ఉత్తరాఖండ్‌లోని ద్రౌపదీ కా దండా శిఖరం మీద మంచు మింగినవాళ్లలో సవితా కంస్వాల్ ఉంది. కొండలెక్కడంలో శిక్షణ ఇచ్చే మనిషి, అదే ఏడాది మేలో ఎవరెస్ట్ ఎక్కి వచ్చింది.

అందుకే ఇక్కడ చేతికన్నా కొలత మేలు. డీఆర్‌డీఓ వారి డీజీఆర్ఈ సంస్థ ఇచ్చే మంచుచరియల హెచ్చరికలు చూడాలి. కొత్త మంచు పడ్డాక 30 నుంచి 45 డిగ్రీల వాలు జోలికి పోకూడదు. వాలు కొలిచే సాధనం ఫోన్‌లోనే ఉంది. ముందు రోజే నిర్ణయం తీసుకోవాలి. అక్కడికెళ్లి మంచు ముట్టుకున్నాక మనసు మార్చుకుంటే, అది వెనక్కి తిరగడానికే కావాలి. ముందుకు పోవడానికి కాదు.