గాలిలో తుప్పు, బీకరులో అంకె: ఒక విమర్శనాత్మక పరిశీలన

ఉక్కు తుప్పు పట్టడం ఒక విద్యుత్ రసాయన చర్య. ఆనోడు వద్ద ఇనుము అయాన్లుగా మారి ఎలక్ట్రాన్లను వదులుతుంది. కాథోడు వద్ద నీటిలో కరిగిన ఆక్సిజన్ వాటిని గ్రహిస్తుంది. కాబట్టి విద్యుత్ ప్రవాహాన్ని కొలిస్తే లోహక్షయ రేటు తెలుస్తుందని అనుకోవడం సహజమే. బయట గాలికి నిలిచే ఉక్కు విషయంలో ఈ మాట ఎంతవరకు చెల్లుతుందో ఇక్కడ పరిశీలిద్దాం.

ముందుగా పద్ధతి బలాన్ని ఒప్పుకోవాలి. 1957లో స్టెర్న్, గియరీ ప్రతిపాదించిన ధ్రువణ నిరోధ పద్ధతిలో ఉక్కు పొటెన్షియల్‌ను కొద్ది మిల్లీవోల్టులు మాత్రమే మార్చి, అందుకు ఎంత ప్రవాహం కావలసి వచ్చిందో చూస్తారు. నిరోధం ఎంత తక్కువైతే క్షయం అంత వేగంగా జరుగుతున్నట్లు లెక్క. నమూనా చెడిపోదు, ఫలితం నిమిషాల్లో వస్తుంది. ఫారడే నియమం ప్రకారం చదరపు సెంటీమీటరుకు 1 మైక్రోఆంపియర్ ప్రవాహం ఏడాదికి సుమారు 11.6 మైక్రోమీటర్ల ఇనుము నష్టానికి సమానం. ఉక్కు పలకలను ఏడాది పాటు ఎండావానలకు వదిలి బరువు తగ్గుదలను తూచే పాత పద్ధతితో పోలిస్తే ఇది ఎంతో సులువు. అయితే ఈ సులువు వెనుక మూడు లోపాలు ఉన్నాయి.

మొదటిది కాలం. బీకరులోని నమూనా ఎప్పుడూ తడిగానే ఉంటుంది. బయట ఉన్న ఉక్కు వాన, మంచు, తేమ ఉన్న గంటల్లోనే చెప్పుకోదగినంతగా క్షయమవుతుంది. ఒక నమూనాకు 10 మైక్రోఆంపియర్లు వచ్చాయనుకుందాం. దాన్ని ఏడాదికి పొడిగిస్తే 116 మైక్రోమీటర్లు. ఏడాదిలోని 8,760 గంటల్లో 3,000 గంటలే తడి ఉందనుకుంటే సుమారు 40 మైక్రోమీటర్లు. ఐఎస్ఓ 9223 ప్రమాణం ప్రకారం మొదటి అంకె సీ5 తరగతి, అంటే చాలా తీవ్రమైన వాతావరణం. రెండవది సీ3, అంటే మధ్యస్థం. వంతెనకు ఏ రంగు వేయాలి, ఎన్ని పూతలు వేయాలి అన్న నిర్ణయం ఈ తరగతిని బట్టే మారుతుంది.

అలాగని తడి గంటలతో గుణిస్తే సరిపోదు. రెండవ లోపం నీటి పొర మందానికి సంబంధించినది. కదలని నీటిలో ఆక్సిజన్ లోహాన్ని చేరడానికి సుమారు అర మిల్లీమీటరు మందం గల పొర గుండా వ్యాపనం చెందాలి. గాలిలో ఉక్కుపై నిలిచే తేమ పొర కొన్ని పదుల మైక్రోమీటర్లే ఉండవచ్చు. దారి పదోవంతుకు తగ్గితే ఆక్సిజన్ అందించగల గరిష్ఠ ప్రవాహం పది రెట్లు పెరుగుతుంది. పొర మరీ పలచబడితే ఇనుము కరగడమే కష్టమై రేటు మళ్ళీ పడిపోతుంది. అందువల్ల బీకరులోని అంకె అసలు విలువ కన్నా ఎక్కువ కావచ్చు, తక్కువ కూడా కావచ్చు.

మూడవ లోపాన్ని విద్యార్థులు తరచు మరచిపోతారు. తుప్పు కేవలం చర్యాఫలితం కాదు, చర్యలో భాగస్వామి కూడా. 1972లో ఎవాన్స్, టేలర్ వివరించిన ప్రకారం తడిసినప్పుడు తుప్పులోని ఫెర్రిక్ సమ్మేళనం ఎలక్ట్రాన్లను గ్రహించి మాగ్నెటైట్‌గా క్షయకరణం చెందుతుంది. ఆరినప్పుడు గాలిలోని ఆక్సిజన్ దాన్ని తిరిగి ఆక్సీకరిస్తుంది. కాబట్టి తుప్పు పట్టిన నమూనాపై మనం కొలిచే ప్రవాహంలో తుప్పు స్వీయ మార్పుల వాటా కూడా కలిసి ఉంటుంది. అదంతా లోహ నష్టమని రాస్తే తప్పు.

ఈ లోపాలను పరిశోధకులు గుర్తించకపోలేదు. జర్మనీలో స్ట్రాట్‌మన్ కెల్విన్ ప్రోబ్‌ను ఉపయోగించి, పలుచని తేమ పొరను తాకకుండానే దాని కింది లోహపు పొటెన్షియల్‌ను కొలిచాడు. తడిసి ఆరే ఒక చక్రంలో, పొర పలచబడి ఆక్సిజన్ తేలికగా అందే ఆరే దశలో క్షయం అత్యంత వేగంగా జరుగుతుందని ఆ ప్రయోగాలు చూపాయి. ఏడాది తరువాత పలకను తూచినవారికి ఈ సంగతి ఎన్నటికీ తెలియదు. అయితే ప్రోబ్ నేరుగా ఇచ్చేది పొటెన్షియల్ మాత్రమే. రేటు కావాలంటే ధ్రువణ వక్రరేఖలు, ఆక్సిజన్ వినియోగం వంటి వేరే కొలతల తోడు అవసరం.

ఇప్పుడు మన తీర్పు చెప్పవచ్చు. 'ఎలా', 'ఏ దశలో' అన్న ప్రశ్నలకు విద్యుత్ రసాయన పద్ధతులను మించినవి లేవు. 'ఏడాదికి ఎంత' అన్న ప్రశ్నకు మాత్రం ఆ ఊరి గాలిలో ఉంచిన పలక సాక్ష్యమే గట్టిది. విశాఖ తీరంలోని స్తంభానికీ, అనంతపురంలోని స్తంభానికీ ఒకే బీకరు ఒకే అంకె ఇస్తుంది. ఆ రెండు ఊళ్ళ గాలి మాత్రం ఒకటి కాదు.

కనుక క్షయ రేటు కనిపించినప్పుడల్లా మూడు ప్రశ్నలు వేయండి: నమూనాపై నీటి పొర ఎంత మందం? అది ఎన్నిసార్లు తడిసి ఆరింది? కొలిచేనాటికి దానిపై తుప్పు ఉందా? వీటికి జవాబు లేని నివేదికలోని అంకె ఎన్ని దశాంశ స్థానాలతో ఉన్నా, దాన్ని బట్టి వంతెన ఆయుష్షును లెక్కించకండి.