ఆరు డయోడ్లు, ఒకటే రీలు

ఈ వారం మొదట కోపమే వచ్చింది. మా రెంజల్ పిల్లగాడొకడు హామ్ రేడియో లైసెన్సు తీసుకుని వాల్వు ఆంప్లిఫయర్ కడుతున్నాడు. హై ఓల్టేజీ బోర్డు తెచ్చి చూపించాడు. బ్రిడ్జిలో ఒక్కో వరుసకు ఆరేసి 1ఎన్4007 డయోడ్లు సిరీస్‌లో ఉన్నాయి. వాటి మీద రెసిస్టర్ లేదు, కెపాసిటర్ లేదు.

"రెసిస్టర్లేవిరా?"

"ఇప్పుడు అవసరం లేదు పెద్దబాపూ."

బోధన్‌లో షుగర్ ఫ్యాక్టరీ నడిచిన రోజుల్లో శక్కర్‌నగర్ దిక్కు ఒక రేడియో దుకాణం ఉండేది. అక్కడి ఉస్తాద్ దగ్గరే నేను సోల్డరింగ్ పట్టాను. డయోడు పక్కన రెసిస్టర్ లేని బోర్డును ఆయన బల్ల మీద పెట్టనిచ్చేవాడు కాదు. దిగుడు దారిలో చెరుకు బండికి ముందుగా కాలు నిలదొక్కుకున్న ఎద్దు మెడ మీదే బరువంతా పడుతుంది, అట్లనే ముందుగా కరెంటు ఆపిన డయోడు మీదే ఓల్టేజీ అంతా పడుతుందని చెప్పేవాడు. ఆపిన తర్వాత కూడా, లీకేజీ తక్కువున్న డయోడే ఎక్కువ ఓల్టేజీ మోస్తుంది. ఆనాటి డయోడ్లలో ఒకదానికొకటి పొంతన ఉండేది కాదు. హద్దు దాటితే కాలిపోయేవి. అందుకే ఉస్తాద్ పట్టుదల.

పిల్లగాడి లెక్క చూశాను. ట్రాన్స్‌ఫార్మర్ సెకండరీ 2000 ఓల్టులు, పీక్ 2828. ఆరుకు పంచితే ఒక్కోదానికి 471. డయోడు తట్టుకునేది 1000. ఆరూ ఒకే రీలువి, అంటే ఒకే టేపు చుట్టలో వచ్చినవి కాబట్టి లీకేజీలు దగ్గరదగ్గరగానే ఉంటాయి. ఒకటి హద్దు దాకా పోయినా, దానిలో పారేది పక్కవాటి లీకేజీయే, మైక్రో ఆంపియర్ల లెక్క. అంత చిన్న వేడికి ఇప్పటి డయోడు చెడదు.

అదే అర వాట్ 470 కిలోఓమ్ రెసిస్టర్లు పెడితే? మామూలు అర వాట్ రెసిస్టర్ ఓల్టేజీ హద్దు 350. 471 దగ్గర రోజూ నలిగి ఒకటి తెగిపోతుంది. మిగతా రెసిస్టర్ల గుండా వచ్చే మిల్లీ ఆంపియరు కరెంటుకు రెసిస్టర్ తెగిన ఆ ఒక్క డయోడే అడ్డం నిలబడాలి. కాపాడటానికి పెట్టిందే డయోడును చంపుతుంది. అమెరికా హామ్‌ల సంఘం ఏఆర్ఆర్ఎల్ హ్యాండ్‌బుక్ కూడా ఇప్పటి డయోడ్లకు ఇవి అక్కర్లేదనే అంటోంది.

కాబట్టి పిల్లగాడి బోర్డు సరైనదే. ఒక డయోడు పోతే మాత్రం ఆ వరుసలోని ఆరూ ఒకే రీలు నుంచి మార్చాలి. హైదరాబాద్ గుజరాతీ గల్లీలో దొరికిన పాతవి, కొత్తవి కలపొద్దు.

ఆ రెసిస్టర్లు మానేసి మిగిలిన డబ్బు, ఫిల్టర్ కెపాసిటర్లలోని ఛార్జీని దించే బ్లీడర్ రెసిస్టర్‌కు పెట్టండి. మామూలు మల్టీమీటర్ హద్దు మహా అయితే 1000 ఓల్టులే, దాన్ని 2800 మీద ఆనించొద్దు. స్విచ్ ఆపాక బ్లీడర్‌కు సమయమిచ్చి, ఇన్సులేషన్ ఉన్న కర్రతో ఎర్త్ చేశాకే లోపల చెయ్యి పెట్టండి.