కొర్రమట్టకు తగిన గాలం

కొర్రమట్ట, అంటే కొర్రమీను, నీళ్లలో ఉంటూనే మనలాగే గాలి పీల్చే చేప. మొప్పల పైన దానికి ప్రత్యేకంగా ఒక అర ఉంటుంది. తరచూ పైకి వచ్చి ఆ అరలోకి గాలి తీసుకోకపోతే, చుట్టూ ఎన్ని నీళ్లున్నా ఊపిరాడక చచ్చిపోతుంది. ఎండకాలం అడుగంటిన కుంటలో అది బతకడానికీ, అంగట్లో బకెట్ నీళ్లలో గంటల తరబడి ప్రాణంతో ఉండడానికీ ఈ అరే కారణం. మృగశిర కార్తె నాడు హైదరాబాద్‌లో బత్తిని కుటుంబం ఇచ్చే చేప మందులో మింగించేది కూడా బతికున్న కొర్రమీను పిల్లనే. తెలంగాణ రాష్ట్ర చేప ఇది.

వరంగల్ చుట్టుపక్కల గాలం వేసేవాళ్ల నేర్పుకు ఈ గాలి పీల్చే అలవాటే మూలం. వాళ్లు గట్టు మీదికి రాగానే గాలం విసరరు. కాసేపు నీటిని చూస్తారు. బుడగ ఎక్కడ లేచింది, గాలి లేకపోయినా తామరాకు ఎక్కడ కదిలింది, తుంగ మొదట్లో నీళ్లు ఎందుకు తొణికాయి అని గమనిస్తారు. కాకతీయుల నాటి ఈ చెరువుల్లో అలాంటి చోట్లకు కరువు లేదు. గణపతిదేవుడి కాలంలో, 1213 ప్రాంతంలో కట్టిన పాకాల, రామప్ప చెరువులైనా, ఊరి పక్కన పేరు లేని చిన్న కుంటైనా, లోతు తక్కువ ఉన్న అంచుల్లో తుంగ, జమ్ము, కలువ, గుర్రపుడెక్క పెరుగుతాయి. కొర్రమట్ట వాటి నీడలో కదలకుండా పొంచి ఉండి, దగ్గరికొచ్చిన కప్పనో చిన్న చేపనో ఒక్క ఉదుటున అందుకుంటుంది.

కొత్తగా ఈ సరదాలోకి వచ్చినవాళ్లు దుకాణానికి పోయి ముందు రాడ్డు కొంటారు, తర్వాత దారం, చివరికి ఎర. నా దృష్టిలో ఇది తలకిందుల వరుస. చేప ఎక్కడ కూర్చుందో చూసి ఎర ఎంచుకోవాలి. ఆ ఎరను అక్కడికి చేర్చి, పట్టిన చేపను బయటికి లాగగల దారం ఏదో ఆ తర్వాత తేలుతుంది. ఆ దారానికి తగినది రాడ్డు. వెదురు కట్టెతో పట్టే పాతవాళ్లు ఈ వరుసలోనే ఆలోచిస్తారు.

వాళ్ల ఎర కప్ప. దాని వీపు తోలుకో తొడకో కొక్కెం గుచ్చి, పొడవాటి కట్టె చివరి నుంచి ఆకుల సందులోకి దించి, నీటి మీద ఎగిరెగిరి పడేలా ఆడిస్తారు. ఇంగ్లీషు దొరలు కూడా దీనిమీద మనసు పడ్డారు. మద్రాసు సివిల్ సర్వీసు అధికారి హెన్రీ సల్లివాన్ థామస్ 1873లో అచ్చువేసిన 'ది రాడ్ ఇన్ ఇండియా' అనే పుస్తకంలో కొర్రమీను వేటకూ చోటిచ్చాడు. అయితే బతికున్న కప్పను వాడడం ఇప్పుడు మానాలని గట్టిగా అంటాను. కప్ప పొలంలో పురుగును తిని రైతుకు మేలు చేస్తుంది. విదేశాలకు కప్ప కాళ్లు అమ్ముకుని చేతులు కాల్చుకున్నాకే 1987లో మన దేశం ఆ ఎగుమతిని నిలిపేసింది.

దాని బదులు మెత్తటి ప్లాస్టిక్ కప్ప ఉంది. అమెరికాలో బాస్ చేప కోసం వాడే ఈ ఎర కొర్రమట్టకు కొలిచి చేసినట్టు సరిపోతుంది. లోపల గుల్ల. రెండు కొక్కేలు వీపుకు ఆనుకుని పైకి తిరిగి ఉంటాయి కాబట్టి ఆకుల మీద పాకించినా చిక్కుకోవు. చేప కరిచినప్పుడు గుల్ల నొక్కుకుపోయి, కొక్కేలు బయటికి వచ్చి దవడకు తగులుతాయి. తెల్లవారుజామున, మసక వెలుతురులో నల్ల కప్ప మంచిది. కింద నుంచి చూసే చేపకు ఆకాశం మీద నల్లటి ఆకారమే స్పష్టంగా కనబడుతుంది. రెండు చిన్న కుదుపులు ఇచ్చి, ఆకుల మధ్య ఖాళీ రాగానే ఆపాలి. ఎక్కువసార్లు ఆగినప్పుడే కొడుతుంది. ఆకులు లేని నీళ్లలోనైతే తళుక్కుమనే స్పూను ఎర చాలు.

ఇక దారం. నైలాన్ తంగూసు చవక, కంటికి ఆనదు, కానీ సాగుతుంది. గట్టిగా లాగితే నాలుగో వంతు దాకా సాగేవి కూడా ఉంటాయి. దూరాన ఆకుల మధ్య కరిచిన చేపకు మనం గుంజిన గుంజుడు ఆ సాగుడులోనే ఖర్చయిపోతుంది. కొర్రమట్ట దవడ ఎముకలా గట్టిది, కొక్కెం దిగాలంటే బలం చేరాలి. అందుకని సన్నటి పాలిథిలీన్ పోగులతో అల్లిన దారం కావాలి. అది దాదాపు సాగదు, నీటి మీద తేలుతుంది, తామర కాడను కోసుకుంటూ వస్తుంది. దట్టమైన నాచుకు 40 నుంచి 50 పౌండ్ల బలం ఉన్నది తీసుకోండి. అంత బరువు చేప ఉంటుందని కాదు, చేపతో పాటు బుట్టెడు నాచును కూడా లాగాలి. తెగిన ముక్కలను మాత్రం గట్టున వదలకండి, నీటికాకుల కాళ్లకు చుట్టుకుంటాయి.

దారం సాగనప్పుడు రాడ్డు బిరుసుగా ఉండాలి, కొస మాత్రం వంగాలి. ఆరున్నర, ఏడు అడుగుల పొడవు సరిపోతుంది. ఫైబర్ గ్లాసు బరువే కానీ దెబ్బలకు ఓర్చుకుంటుంది. కార్బన్ తేలిక, చేప ముట్టిన సంగతి చేతికి వెంటనే తెలుస్తుంది. కానీ కార్బన్‌లో కరెంటు పారుతుంది. మన చెరువు గట్ల మీద మోటార్ల తీగలు ఎంత కిందికి వేలాడుతుంటాయో చూడనివాళ్లుండరు. రాడ్డు ఎత్తే ముందు తల పైకెత్తి చూడండి. ఉరుము వినబడితే కింద పెట్టేయండి.

నీళ్లు భళ్లుమన్న క్షణంలోనే గుంజితే ఎర ఒక్కటే ఎగిరొస్తుంది. చేప దాన్ని నోట్లోకి తీసుకుని తల తిప్పాలి, దారం బిగుసుకోవాలి. అప్పుడు ఒక్క గుంజు, ఆపైన ఆపకుండా చుట్టడం. దమ్ము తీసుకునే వ్యవధి ఇస్తే ఆకుల కిందికి దూరి కాడలకు చుట్టేస్తుంది. పళ్లుంటాయి, కొక్కెం తీయడానికి పటకారు వాడాలి.

చాలా చెరువుల్లో చేప మీద హక్కు ముదిరాజ్, బెస్త, గంగపుత్రుల మత్స్య సహకార సంఘాలది. వాళ్లను అడిగే గాలం వేయాలి. పాకాల అభయారణ్యం కాబట్టి అక్కడ అటవీశాఖ మాట కూడా కావాలి. వానాకాలంలో ఇంకో నియమం పెట్టుకోవాలి. అంచున నీటి మీద ఎర్రటి పిల్లల గుంపు మసులుతుంటే దాని కింద పెద్ద చేపలు కాపలా ఉంటాయి. ఆ సమయంలో అవి పిల్లల దగ్గరికి వచ్చిన దేన్నైనా కొడతాయి కనుక పట్టడం తేలిక. కానీ కాపలా చేప గాలానికి చిక్కితే మిగతా చేపలు ఆ పిల్లల్ని మింగేస్తాయి. అందుకని అక్కడ గాలం వేయకూడదు.

ఆ నెలల్లో రవ్వ, బొచ్చెల కోసం వెదురు కట్టె తీయొచ్చు. అవి నిలవ నీటిలో గుడ్లు పెట్టవు, చెరువుల్లో ఏటా పిల్లలను తెచ్చి వదులుతారు. జీలుగు బెండు, చిన్న సీసం, పిండిముద్ద చాలు. బొచ్చె పై నీళ్లలో, రవ్వ నడిమి నీళ్లలో, మృగాల చేప అడుగున మేస్తాయి కాబట్టి బెండును దారం మీద జరుపుకుంటూ లోతు కుదుర్చుకోవాలి. ఇక్కడ సాగే తంగూసే మేలు, కొస నుంచి సగం దాకా వంగే కట్టె మేలు. రవ్వ పెదవి మెత్తన. కొర్రమట్టను గుంజినట్టు గుంజితే పెదవి చిరిగి చేప పోతుంది.