అడిగిందేమిటో చూపే పనిముట్టు

వర్చువల్ డెస్క్‌టాప్‌ల సపోర్టులో మేం ఎక్కువగా వినే మాట "ఫైలు తెరుచుకోవడం లేదు". తెర మీద 'యాక్సెస్ డినైడ్' అని ఒక్క ముక్క వస్తుంది. ఏం అడిగితే కాదన్నారో మాత్రం ఉండదు. అది చెప్పేది, ప్రోగ్రాంలు అడిగేవాటిని వరుసలుగా చూపే విండోస్ పనిముట్టు ప్రాసెస్ మానిటర్. మా నోళ్లలో ప్రాక్‌మాన్.

దీన్ని రాసిన మార్క్ రుసినోవిచ్, బ్రైస్ కాగ్స్‌వెల్ అంతకుముందే ఫైళ్ల కోసం ఫైల్‌మాన్, రిజిస్ట్రీ కోసం రెగ్‌మాన్ రాసి ఉచితంగా ఇచ్చారు. ఆ రెంటి పనీ ఒకే చోట చేసే ప్రాక్‌మాన్ 2006లో వచ్చింది. అదే ఏడాది వాళ్ల కంపెనీని మైక్రోసాఫ్ట్ కొన్నది. ప్రాక్‌మాన్ నేటికీ ఉచితమే.

దీని పనితనం ఒక్క వరుసలో చూడొచ్చు. ఒక పాత అకౌంట్స్ ప్రోగ్రాం తన సెట్టింగుల ఫైలు తెరవలేకపోతోంది. అదే ఫైలు అదే యూజర్‌కు నోట్‌ప్యాడ్‌లో చక్కగా తెరుచుకుంటోంది. ప్రోగ్రాం పేరు, 'యాక్సెస్ డినైడ్' రెండూ ఫిల్టర్‌లో పెట్టగానే లక్షల వరుసలు పోయి ఒక్కటే మిగిలింది. దాని మీద డబుల్ క్లిక్ చేస్తే 'డిజైర్డ్ యాక్సెస్' దగ్గర 'జెనరిక్ రీడ్/రైట్' అని ఉంది. చదువుకుంటే సరిపోయే ఫైలుకు రాసే హక్కు కూడా అడిగిందన్నమాట! పాత పీసీలో యూజరే అడ్మిన్ కాబట్టి ఇన్నేళ్లూ బయటపడలేదు. పదిమంది పంచుకునే సెషన్ హోస్టులో మామూలు యూజర్లకు ఆ హక్కు ఉండదు. ఆ ఫైలున్న ఒక్క ఫోల్డరుకు 'మోడిఫై' హక్కు ఇచ్చాం, పని జరిగింది.

ప్రాక్‌మాన్‌లో 'నేమ్ నాట్ ఫౌండ్'లు వందల్లో కనిపిస్తే కొత్తవాళ్లు కంగారుపడతారు. వాటిలో చాలావరకు విండోస్ ఒక ఫైలు కోసం నాలుగు చోట్ల వెతుక్కున్న జాడలే.

యూజర్ ప్రొఫైళ్లను చూసుకునే ఎఫ్‌ఎస్‌లాజిక్స్ సంగతి వేరు. అక్కడ యూజర్ ప్రొఫైలంతా ఫైల్ షేర్‌లో ఉండే ఒక వీహెచ్‌డీఎక్స్ (వర్చువల్ డిస్క్) ఫైలు. నిన్నటి సెషన్ సరిగ్గా ముగియక పాత హోస్టు దాన్ని పట్టుకునే ఉంటే, కొత్త హోస్టుకు 'షేరింగ్ వయొలేషన్' వస్తుంది, ఎర్రర్ నంబరు 32. ప్రాక్‌మాన్ తానున్న మిషన్‌నే చూస్తుంది, పక్క హోస్టు పేరు చెప్పలేదు. అందుకు ఫైల్ సర్వర్‌లో 'ఓపెన్ ఫైల్స్' జాబితా చూడాలి. ఆ యూజర్ నిజంగా పనిలో లేడని తేలాకే ఫైలును మూయాలి.

తోటి ఇంజనీర్లకు ఒకటే మనవి. ఇక దారి లేదనుకుని 'ఎవ్రీవన్'కు 'ఫుల్ కంట్రోల్' ఇచ్చేముందు, రెండు నిమిషాలు ప్రాక్‌మాన్ నడిపి ఆ ఒక్క వరుస తెరిచి చూడండి.