స్వస్తికము: గుర్తును పేరును

గురుగ్రామమున దీపావళినాడు వర్తకులు క్రొత్త లెక్కల పుస్తకమును తెఱచి, మొదటి పుటపై కుంకుమతో స్వస్తికమును వ్రాయుదురు. దానికి ఒక ప్రక్క ‘శుభ్’ అనియు, మఱియొక ప్రక్క ‘లాభ్’ అనియు వ్రాయుట అచ్చటి ఆచారము. క్రొత్తగా కొనిన కారుపైనను ఆ గుర్తునే తీర్తురు. 1983లో మారుతి కారు మొట్టమొదట వెలువడినది ఈ ఊరి కర్మాగారమునుండియే గావున, మిక్కిలి క్రొత్తదియైన యంత్రమును, మిక్కిలి ప్రాతదియైన గుర్తును ఇచ్చట నలువది యేండ్లుగా కలసి యున్నవనవచ్చును. అచ్చటివారికి ఆ గుర్తు మేలుకోరు మాట వంటిది. అదే గుర్తు బెర్లినులోనో న్యూయార్కులోనో ఒక గోడపై కనబడినచో, నాజీల మారణశిబిరములలో తనవారిని పోగొట్టుకొనిన కుటుంబమునకు అది చావుకేక వంటిది. ఈ రెండింటిలో ఒకటి నిజము, రెండవది అపోహ అని త్రోసివేయుటకు వీలులేదు.

ఇట్టి గుర్తును గూర్చి వ్రాయునపుడు తెలుగు రచయిత ఏ పేరు వాడవలెను? ఈ ప్రశ్న పైకి చిన్నదిగా కనబడును. కాని స్వస్తికచరిత్రను శ్రద్ధతో పరిశీలించినచో, వివాదమున సగమునకు పైగా గీతలను గూర్చినది గాక పేరును గూర్చినదని తేలును. గీతలు ఎవరి సొత్తును కావు. పేరు మాత్రము ఒక భాషకు, ఒక సంస్కృతికి చెందినది. ఈ భేదమును గమనింపకపోవుటవలననే వ్యాసములలోను, అనువాదములలోను, ఉపన్యాసములలోను ఈ విషయమున పొరపాట్లు దొర్లుచున్నవి.

మొదట గీతలను చూతము. ఉక్రెయిను దేశమున మెజిన్ అను చోట మామత్ ఏనుగు దంతముతో చేసిన పక్షిబొమ్మ యొకటి దొరకినది. దానిపై స్వస్తికమును పోలిన అల్లికగీతలు కలవు. అది సుమారు పదునైదువేల యేండ్ల నాటిదని పురాతత్త్వజ్ఞుల అంచనా. ఇరాకులోని సమర్రాలో దొరకిన మట్టిపాత్ర నడుమను ఈ గుర్తు కలదు. దాని వయస్సు సుమారు ఏడువేల యేండ్లు. మొహెంజోదడో, హరప్పాలలో ఈ గుర్తును చెక్కిన చదరపు ముద్రలు దొరకినవి. వానిలో కొన్ని కుడికి, కొన్ని ఎడమకు తిరిగియున్నవి. సింధులిపి ఇంతవరకు సర్వసమ్మతముగ చదువబడలేదు గావున, ఆనాటివారు దానిని ఏ పేరుతో పిలిచిరో, ఏ భావముతో చెక్కిరో చెప్పుటకు ఆధారము లేదు. సూర్యగమనమనియు, అగ్నిని మథించు అరణియనియు చెప్పిన అర్థములు తరువాతి పండితుల ఊహలు. నిలువుగీతను అడ్డగీతతో ఖండించి నాలుగు కొనలను వంచినచో ఈ రూపము ఏర్పడును. చాపలు అల్లువారికిని, బట్ట నేయువారికిని ఇది తనంతట తానే చేతికి వచ్చు రూపము. ఒకేచోట పుట్టి లోకమంతటికిని ప్రాకినదని వాదింపవలసిన పని లేదు.

పేరు సంగతి వేఱు. ‘సు’, ‘అస్తి’ అను రెండు మాటలు కలసి ‘స్వస్తి’ యైనది. మేలు కలుగుగాక యని దాని భావము. దానినుండి వచ్చినది స్వస్తికము. ఈ పదము కనబడు ప్రాచీనమైన తావులలో ఒకటి పాణిని అష్టాధ్యాయి. అచ్చట అది గుడిలోనిది కాదు, యజ్ఞవేదిపైనిది కాదు. యజమానులు పశువుల చెవులపై వేయు గుర్తులలో నొకటి. రామాయణమున గుహుడు దశరథపుత్రుడైన భరతుని గంగ దాటించుటకు తెప్పించిన మేలైన నావలకు స్వస్తికములని పేరు. నాట్యశాస్త్రమున చేతులను మణికట్టులకడ ఒకదానిపై నొకటి చేర్చుట స్వస్తికహస్తము. అభినయదర్పణము దానిని మొసలిని చూపుటకు వినియోగించినది. శిల్పశాస్త్రమున అది ఒక విధమైన గ్రామరచనకు పేరు. జైనులకు అది ఏడవ తీర్థంకరుడైన సుపార్శ్వనాథుని లాంఛనము. దాని నాలుగు చేతులును జీవుడు పొందు నాలుగు గతులు. అనగా ఆవు చెవినుండి మోక్షమార్గము వఱకు ఒకే పేరు సాగినది. అనాదినుండి స్వస్తికమునకు ఒకే పవిత్రార్థము కలదను మాట మన చరిత్రకే నిలువదు. ఐనను ఈ వాడుకలన్నిటిని ఒక దారము కలిపి ఉంచినది. అది ఆ పేరులోని ‘స్వస్తి’.

ఆంధ్రదేశమున ఈ గుర్తు చరిత్ర మఱింత ఆలోచింపదగినది. అమరావతి బుద్ధపాదములపై స్వస్తికములు స్పష్టముగ కనబడును. అవి భక్తులు చూచి మ్రొక్కుటకు చెక్కినవి. క్రీ.శ. 3, 4 శతాబ్దులలో ఇక్ష్వాకుల విజయపురి వెలసిన నాగార్జునకొండలో మాత్రము కొన్ని స్తూపముల నడిబొడ్డున ఇటుకలతో స్వస్తికాకారమును కట్టిరి. స్తూపము పూర్తియైన పిదప అది లోపల మూసికొనిపోవును. ప్రదక్షిణము చేయువానికి కనబడదు. ఇరువదవ శతాబ్దిలో త్రవ్వకములు జరుగువఱకు అది వెలుగు చూడలేదు. తరువాత నాగార్జునసాగర జలాశయము ఆ లోయను ముంచినది. ముఖ్యమైన కట్టడములు కొన్నిటిని మాత్రము ఎత్తైన చోటులకు తరలించి మరల నిర్మించిరి. ఎవరికిని చూపుటకు గాక, కట్టడపు గర్భమున దాచుటకై చేసిన గుర్తు అది. ఆ గుర్తునే పతాకముపై ఎగురవేసి జనులను భయపెట్టిన కాలము ఒకటి వచ్చునని ఆ ఇటుకలు పేర్చినవాడు ఊహింపజాలడు.

తెలుగుభాష గుర్తుకంటె మాటనే ఎక్కువగా అక్కున చేర్చుకొన్నది. మన తొలి శాసనములలో నొకటియైన ఎఱ్ఱగుడిపాడు శాసనము ‘స్వస్తిశ్రీ’ తో మొదలగును. నేటి పెండ్లి శుభలేఖయు ఆ మాటతోనే మొదలగును. గురుగ్రామపు మేడలలో స్థిరపడిన తెలుగు కుటుంబములను చూచినచో ఈ భేదము తెలియును. ఎదురింటి తలుపుపై ఎఱ్ఱని స్వస్తికము. తెలుగువారి గడపకు పసుపు, కుంకుమ, పైని మామిడి తోరణము. మేలుకోరుటకు ఒకరు గీసినారు, ఒకరు పలికినారు. ముగ్గులలోను, పూజాపీఠములపైనను మనకును స్వస్తికము లేకపోలేదు. కాని శుభారంభమునకు తెలుగువాని కలము అలవాటుగా వ్రాసినది ఆ గుర్తును కాదు, ఆ మాటను.

ఇంతకంటె విచిత్రము, ఆ మాట తెలుగులో తలక్రిందైనది. ‘చుట్టకు స్వస్తి చెప్పినాడు’, ‘రాజకీయములకు స్వస్తి పలికినాడు’ అనినచో విడిచిపెట్టినాడని అర్థము. సంస్కృతమున స్వస్తిశబ్దముతో కూడిన పదము చతుర్థీవిభక్తిలో నుండవలెనని పాణిని విధించెను. ఎవరికి మేలు కోరుదుమో వారు ఆ విభక్తిలో నుందురు. తెలుగు పలుకుబడిలో సరిగా ఆ చోటనే, ‘కు’ ప్రత్యయముతో, విడిచిపెట్టబడు వస్తువు వచ్చి కూర్చున్నది. పూజకును, పురాణపఠనమునకును చివర స్వస్తి పలుకు ఆచారమునుండి అది ముగింపునకు పేరై యుండునని ఊహింపవచ్చును. ‘మంగళము పాడుట’ యను పలుకుబడియు ఇట్టిదే. ఐనను క్రొత్త అర్థము ప్రాత అర్థమును చంపలేదు. శుభలేఖలో స్వస్తిశ్రీ చదివి పెండ్లి ఆగిపోయినదని ఎవరును అనుకొనరు. సందర్భము తెలిసిన జనుల నడుమ ఒక మాట రెండు విరుద్ధార్థములను సుఖముగ మోయగలదు. సందర్భము తెలియని జనుల నడుమ పడినపుడే చిక్కు.

ఐరోపాలో జరిగినది ఈ చిక్కే. 1870ల దశకమున హైన్‌రిఖ్ ష్లీమన్ హిస్సార్లిక్ దిబ్బను ట్రాయ్ నగరముగ భావించి త్రవ్వినపుడు, మట్టితో చేసిన కదురుబిళ్ళలపై ఈ గుర్తును చూచి, దానిని సంస్కృతనామముతో పేర్కొనెను. భారతదేశమునకు వెలుపల దొరకిన గుర్తులకు ఆ పేరు వాడుట తనకు సమ్మతము కాదని మాక్స్ ముల్లర్ ఆయనకు వ్రాసెను. ఆ పేరు భారతీయమైనది, దానికి భారతదేశమున ఒక చరిత్రయు, ఒక నిశ్చితార్థమును కలవని ఆయన వాదము. 1880లో వెలువడిన ష్లీమన్ గ్రంథము ‘ఇలియోస్’లో ఈ అభిప్రాయము అచ్చైనది. ఐనను ఎవరును వినలేదు. 1896లో అమెరికా జాతీయ ప్రదర్శనశాలకు చెందిన థామస్ విల్సన్ లోకమందలి ఈ గుర్తులన్నిటిని గూర్చి ప్రకటించిన పెద్ద గ్రంథమును స్వస్తికమను పేరనే వెలువడినది. ఆర్యశబ్దము భాషను చెప్పునే గాని నెత్తురును, పుఱ్ఱెను చెప్పదని 1888లో ముల్లరే నొక్కి చెప్పెను. ఆ మాటయు చెవికెక్కలేదు. గుర్తు పేరు సంస్కృతము, సంస్కృతము ఆర్యభాష, ఆర్యులు తమ పూర్వులు అను తప్పుడు వరుసలో జర్మనీలోని జాతివాదులు ఆ గుర్తును తమదిగా చేసికొనిరి.

1920లో నాజీ పక్షము దానిని తన పతాకముపై నిలిపినది. హిట్లరు తన గ్రంథమున దానికి ఆర్యజాతి విజయమను అర్థము చెప్పెను. 1935 సెప్టెంబరులో అది జర్మనీ జాతీయపతాకమైనది. ఆ పతాకము క్రింద అరువది లక్షల యూదులను, లక్షలాది ఇతరులను చంపిరి. అంతకు పూర్వము ఆ గుర్తును శుభముగ వాడుకొనిన వారెందఱో దానిని వదలుకొనవలసి వచ్చినది. రడ్‌యార్డ్ కిప్లింగ్ తన పుస్తకములపై వేయించుచున్న గుర్తును తీసివేయించెను. అమెరికాలోని ఆరిజోనాలో నవాహో, హోపీ మున్నగు ఆదివాసులు తమ నేతలలోను, బుట్టలలోను తరతరములుగ అల్లుచున్న ఆ రూపమును ఇక వాడమని 1940లో ఒక ప్రకటనపై గుర్తులు పెట్టిరి. ఇతరుల పాపమునకు వారు తమ అల్లికను విడిచిరి.

ఈ చరిత్రను గూర్చి మనవారు చెప్పు సమాధానములలో రెండు పరీక్షకు నిలువవు. ‘మనది కుడికి తిరిగినది, వారిది ఎడమకు తిరిగినది’ అనునది మొదటిది. ఇది వట్టి తప్పు. నాజీల గుర్తును కుడికే తిరిగియున్నది. సింధుముద్రలలోను, బౌద్ధ చిహ్నములలోను రెండు విధములును కలవు. తరచుగ వారు దానిని ఏటవాలుగ నిలిపిరనుట నిజమే. కాని హిట్లరు సొంత పతాకముపై అది నిటారుగనే యుండెను. గీతల కొలతలలో నిర్దోషిత్వమును వెదకుట దండుగ. ‘వారి గుర్తునకును మన గుర్తునకును సంబంధమే లేదు’ అనునది రెండవది. ఇది సగము నిజము. మన గడపలపై గీసినవారెవరును ఆ హత్యలలో పాలుపంచుకొనలేదు. కాని సంస్కృతమునకు ఐరోపా పండితులు కట్టబెట్టిన గౌరవమే ఆ దొంగతనమునకు దారిచూపినది. ఆ గౌరవమును చెప్పుకొని పొంగునపుడు, దాని వెంట నడచిన జాతిగర్వమును గూర్చి మౌనముగ నుండుట విమర్శకునికి తగదు.

జర్మను భాషలో నాజీల గుర్తు పేరు స్వస్తికము కాదు, హాకెన్‌క్రొయిట్స్. అనగా కొక్కెపు సిలువ. ఇంగ్లీషు పత్రికలు దానికి స్వస్తికమను పేరునే వ్యాప్తిచేసినవి. తెలుగువారు ఇంగ్లీషును చూచి వ్రాసిరి. ఈ విధముగ మన మాట వేఱొకరి నేరమును మోసికొని ఇంగ్లీషు త్రోవన మన ఇంటికే తిరిగివచ్చినది. 2022లో ఆస్ట్రేలియాలోని విక్టోరియా రాష్ట్రము నాజీ గుర్తును బహిరంగముగ ప్రదర్శించుటను నిషేధించుచు, హిందూ, బౌద్ధ, జైనుల స్వస్తికమునకు మినహాయింపు నిచ్చినది. ఆ యేడే కాలిఫోర్నియా శాసనమును ఈ రెండింటికిని భేదము చూపినది. న్యాయశాస్త్రము పాటించిన ఈ వివేకమును సాహిత్యము పాటింపకపోవుట వింత. హిట్లరు జర్మనీని గూర్చిన రచనను తెనిగించువారు ‘నాజీల కొక్కెపు సిలువ’ యని వ్రాసినచో చాలును. పాఠకునికి ఏ గుర్తో తెలియును, ‘స్వస్తి’ యను మాటపై నెత్తురు మరక పడదు.

కాని పేరు మార్చుట గతమును కడిగివేయుటకు కాదు. 2016లో హర్యానా ప్రభుత్వము గుడ్‌గావ్ పేరును గురుగ్రామ్‌గా మార్చినది. ఐనను పెక్కుమంది నోట ప్రాతపేరే ఆడుచున్నది. ఉత్తరువు ఒక దినమున వెలువడును. జ్ఞాపకము ఆ వేగమున కదలదు. కొక్కెపు సిలువ యను పేరు వలన భావములు స్పష్టమగును గాని, ఆ గుర్తును చూచి వణకిన వారి వణకు మానదు.

నేడు తెలుగు కుటుంబములు లోకమంతట నున్నవి. గృహప్రవేశమునాడు విదేశములోని ఒక తలుపుపై స్వస్తికము గీసినచో, ప్రక్కింటి యూదు వృద్ధురాలు తలుపు మూసికొనవచ్చును. ఈ ఘట్టమును కథగా వ్రాయువాడు ఆమెను అజ్ఞానిగా చూపినను, ఇంటివారిని అపరాధులుగా చూపినను కథ చెడును. ఆమె భయమునకు చరిత్ర కలదు, వారి కుంకుమకును చరిత్ర కలదు. ఆ తలుపు మరల తట్టి, ఆమె చెప్పునది మొదట విని, పిమ్మట తమ మాటకు అర్థమేమో చెప్పుకొను పాత్రలను సృష్టింపగలిగిన రచయిత స్వస్తిశబ్దమునకు న్యాయము చేసినవాడగును. ఎదుటివానికి మేలు కోరుటయే గదా ఆ మాటకు మొదటి అర్థము.