యజమాని ఎవరు? ఉమర్ ఇబ్న్ సయీద్ ఆత్మకథలో కష్టానికి అర్థం

1831లో నార్త్ కరోలినా రాష్ట్రంలో ఒక బానిస తన జీవితకథను అరబ్బీలో రాశాడు. రాతప్రతి మొత్తం 15 పుటలు. ఎవరైనా స్వీయకథను పుట్టిన ఊరితోనో తల్లిదండ్రుల పేర్లతోనో మొదలుపెడతారు. ఇతడు మాత్రం ముందుగా దైవనామం తలచి, ఆపైన ఖురాన్‌లోని 67వ అధ్యాయమైన ‘సూరా అల్-ముల్క్’ను జ్ఞాపకం నుండి రాసుకుంటూ పోయాడు. అది ముగిశాకే తన కథలోకి వచ్చాడు. ఆ సూరాను ఆచారం కొద్దీ పెట్టుకున్న ప్రార్థనాశ్లోకంగా భావించి దాటిపోతే, మిగిలిన పుటల్లో కనిపించేది యజమానికి కృతజ్ఞతలు చెప్పుకునే ఒక ముసలి బానిస మాత్రమే. దాన్ని రచనకు తాళంచెవిగా తీసుకుంటే కనిపించే మనిషి వేరు. కష్టానికి ఆధ్యాత్మికార్థం వెతకడమంటే కష్టానికి తలవంచడమేనా అన్న పాత ప్రశ్నకు ఈ చిన్న రచనలో గట్టి జవాబు ఉంది.

ఉమర్ ఇబ్న్ సయీద్ 1770 ప్రాంతంలో, నేటి సెనెగల్ నదీతీరంలోని ఫూతా తోరోలో పుట్టాడు. ఇరవై ఐదేళ్ళు గురువుల దగ్గర చదువుకున్నాడు. 1807లో ఒక సైన్యం వచ్చిపడి చాలామందిని చంపి, అతణ్ణి పట్టుకుని సముద్రతీరానికి తెచ్చి అమ్మివేసింది. నెలన్నర ఓడప్రయాణం తరువాత చార్ల్‌స్టన్ రేవులో మళ్ళీ అమ్ముడయ్యాడు. దైవభీతి లేని క్రూరుడని తానే వర్ణించిన ఒక యజమాని నుండి పారిపోయి, నెల రోజులు నడిచి ఫయెట్‌విల్ చేరాడు. ప్రార్థన కోసం ఒక ఇంట్లోకి వెళ్ళినప్పుడు పట్టుబడి పదహారు రోజులు జైల్లో ఉన్నాడు. ఆ జైలు గోడలమీద అతడు అరబ్బీలో రాసిన రాతలు ఊరివారికి వింతయ్యాయని చెబుతారు. తరువాత జేమ్స్ ఓవెన్ అనే భూస్వామి అతణ్ణి కొన్నాడు. ఆ కుటుంబం దగ్గరే 1864 ప్రాంతంలో, బానిసత్వాన్ని రద్దుచేసిన రాజ్యాంగ సవరణకు ఏడాది ముందు, బానిసగానే చనిపోయాడు.

ఈ రచన విలువ దాని భాషలో ఉంది. ఆనాటి బానిసల ఆత్మకథలు చాలావరకు ఇంగ్లీషులో, శ్వేతజాతి సంపాదకుల చేతులమీదుగా వెలువడ్డాయి. బానిసలకు చదవడం రాయడం నేర్పడాన్ని నార్త్ కరోలినా శాసనసభ నిషేధించింది కూడా ఈ రచనాకాలంలోనే. ఉమర్ రాత ఆ నిషేధానికి అందనిది. అతడు అక్షరాస్యుడిగానే ఓడ ఎక్కాడు. అతడు రాసేదాన్ని యజమాని చదవలేడు, దిద్దలేడు. అమెరికాలో ఒక బానిస అరబ్బీలో రాసుకున్న ఆత్మకథల్లో నేటికి మిగిలి ఉన్నదని తెలిసినది ఇదొక్కటే. చాలాకాలం కనిపించకుండా పోయి 1995లో మళ్ళీ బయటపడిన ఈ ప్రతి 2017లో లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌కు చేరింది.

ఇక ఆ సూరా సంగతి. ‘ముల్క్’ తెలుగువారికి కొత్త మాట కాదు. ‘నిజాం-ఉల్-ముల్క్’ బిరుదులో ఉన్నది ఆ మాటే. 1952లోనూ 1969లోనూ తెలంగాణను కుదిపిన ‘ముల్కీ’ వివాదంలో ఉన్నదీ అదే. రాజ్యం, ఆధిపత్యం, దేశం అని దాని అర్థాలు. అరబ్బీలో దాని ధాతువు నుండే రాజుకు ‘మలిక్’, సొంతదారుకు ‘మాలిక్’, ఆస్తికి ‘మిల్క్’ అనే మాటలు పుట్టాయి. ఒకరి సొత్తయిన మనిషికి, అంటే బానిసకు, ‘మమ్లూక్’ అనే మాటా అందులోనిదే. సర్వాధిపత్యం ఎవరి చేతిలో ఉందో ఆ దేవుడు శుభప్రదుడు అన్న భావంతో ఆ సూరా మొదలవుతుంది. ఉమర్ రచనను 2011లో కొత్తగా అనువదించి ప్రచురించిన ఆలా అల్‌రయ్యిస్ ఈ ఎంపికలోని ధ్వనిని గుర్తించాడు. చట్టం దృష్టిలో తానే ఒక ఆస్తి అయిన మనిషి తన కథను ‘ఆస్తి అంతా దేవుడిదే’ అని మొదలుపెట్టాడు. అంటే ఓవెన్ చేతిలోని కొనుగోలు పత్రం చెల్లేది కాదని, ఓవెన్ చదవలేని భాషలో రాశాడు.

ఆ సూరా రెండవ వాక్యం మరొక మెట్టు ఎక్కిస్తుంది. మనుషుల్లో ఎవరి నడవడి మేలైనదో పరీక్షించడానికే దేవుడు చావునూ బతుకునూ సృష్టించాడని దాని సారాంశం. ఇస్లాం కష్టాన్ని చూసే చూపుకు కేంద్రం ఈ ‘పరీక్ష’ అనే భావన. కష్టం అనగానే ‘ఖర్మ’ అని నిట్టూర్చే తెలుగు అలవాటుకూ దీనికీ తేడా ఉంది. వాడుకలో కర్మ భావన వెనక్కి చూస్తుంది, ఈ బాధ దేని ఫలితం అని అడుగుతుంది. పరీక్ష భావన ముందుకు చూస్తుంది, ఈ బాధలో నువ్వు ఏం చేస్తావు అని అడుగుతుంది. కష్టాన్ని మనిషి చేతలకు ముడిపెట్టే వాక్యాలు ఖురాన్‌లోనూ లేకపోలేదు. అయితే పరీక్షలో కూర్చున్నది బాధితుడు ఒక్కడే కాదు. సిరి కలిగినవాడు దాన్ని దైవానుగ్రహమనీ, లేనివాడు తన లేమిని అవమానమనీ అనుకోవడం పొరపాటని, రెండూ పరీక్షలేనని 89వ సూరా చెబుతుంది. ఈ లెక్కన బానిసతోపాటు యజమానికీ పరీక్షే, అతడిదే ఇంకా కఠినమైన పరీక్ష. ఉమర్ ఎత్తిరాసిన సూరాలోనే, నరకంలో పడ్డవారిని కావలివారు ‘మిమ్మల్ని హెచ్చరించేవారెవరూ రాలేదా’ అని అడిగే ఘట్టం ఉంది. కరోలినా ప్రజలారా, అమెరికా ప్రజలారా అని తన పాఠకులను నేరుగా పిలిచిన రచనలో ఆ ప్రశ్న ఎవరిమీద వాలుతుందో ఊహించడం కష్టం కాదు.

ఇక్కడ ఒక అభ్యంతరం వస్తుంది, అది న్యాయమైనదే. కష్టం పరీక్ష అని, సహనమే ధర్మమని బోధించడం అణచేవాడికి ఎప్పుడూ అనుకూలమే. అమెరికా దక్షిణాది తోటల్లో బానిసలకు వినిపించిన మతబోధలో విధేయత గురించిన పాఠాలకు కొదవ లేదు. ఇస్లామీయ సహనం కూడా అలాంటిదేనా? హైదరాబాదు వీధుల్లో ‘జర సబర్’ అని వినిపించే ‘సబ్ర్’ అన్న మాటకు తెలుగులో ‘ఓర్పు’ సరిపోదు. నిగ్రహించడం, పట్టి నిలపడం దాని మూలార్థం. 1111లో మరణించిన అల్-గజాలీ, తన ‘ఇహ్యా ఉలూమ్ అల్-దీన్’లోని సహన కృతజ్ఞతల ప్రకరణంలో ఒక హద్దు గీశాడు. దాహమైనవాడు నీళ్ళు అందుబాటులో ఉన్నా తాగకుండా బాధపడితే అది సహనం కాదు, ఆ బాధను తొలగించుకోవడమే అతడి విధి. తొలగించుకోవడం తన చేతిలో లేని బాధ విషయంలోనే సహనం ధర్మమవుతుందని ఆయన వాదం. వైద్యవృత్తిలో ఉన్నవారికి ఈ తేడా బాగా తెలుసు. తగ్గించగల నొప్పిని భరించమని చెప్పడం తాత్త్వికత కాదు, నిర్లక్ష్యం. ఉమర్ జీవితం ఈ హద్దుకు రెండు వైపులా నడిచింది. పారిపోవడం సాధ్యమైనప్పుడు పారిపోయాడు. దారులన్నీ మూసుకున్నాక రాశాడు.

సహనం అంటే మౌనమూ కాదు. తన దుఃఖాన్ని దేవుడికే మొరపెట్టుకుంటున్నానని ఖురాన్‌లో యాకూబ్ చెప్పుకుంటాడు. అయ్యూబ్ తన బాధను దేవుడికి చెప్పుకున్నాడు, అయినా సహనశీలిగానే ప్రశంస పొందాడు. మనిషి ముందు చేయి చాచకపోవడం, దేవుడి ముందు దాచకపోవడం ఈ సంప్రదాయం నేర్పే మర్యాద. ఇది తెలుగువారికి పరాయిది కాదు. గోల్కొండ చెరసాలలో కంచర్ల గోపన్న రాముణ్ణి వేడుకున్నాడు, నిలదీశాడు, నిష్ఠూరమాడాడు. ఆయన కీర్తనల్లోని చనువు ఉమర్‌లో లేదు. సర్వాధిపతితో లెక్కలు అడిగే దారి అతడిది కాదు. కానీ ఖైదు చేసినవాడికి కాకుండా మరొక ప్రభువుకు విన్నవించుకోవడంలో ఇద్దరూ ఒక్కటే.

ఓవెన్ గురించి రాసిన ప్రశంసను కూడా ఈ వెలుగులోనే చదవాలి. తనను కొట్టడనీ, తిట్టడనీ, ఆకలికీ నగ్నత్వానికీ గురిచేయడనీ, మోయలేని పని చెప్పడనీ ఉమర్ రాశాడు. ఆనాటివారు దీన్ని తృప్తి చెందిన బానిస సాక్ష్యంగా వాడుకున్నారు. కానీ వైద్యుడు రోగచరిత్ర రాసేటప్పుడు లేని లక్షణాలను కూడా ఒక్కొక్కటిగా నమోదు చేస్తాడు. ఆ జబ్బులో సాధారణంగా ఉండేవి అవే కాబట్టి అలా రాస్తాడు. దెబ్బ, తిట్టు, ఆకలి, నగ్నత్వం, వెట్టి అన్న ఉమర్ జాబితా ఓవెన్ మంచితనాన్ని ఎంత చెబుతుందో, బానిసత్వమనే వ్యాధి లక్షణాలను అంతకన్నా ఎక్కువ చెబుతుంది.

అతడు మతం మారాడా అన్న చర్చ నేటికీ సాగుతోంది. 1820లో ప్రెస్బిటేరియన్ చర్చిలో బాప్తిస్మం పొందిన మాట నిజం. ఒకప్పుడు మహమ్మదీయ పద్ధతిలో ప్రార్థించేవాణ్ణని, ఇప్పుడు క్రీస్తు నేర్పిన ప్రార్థన చేస్తున్నానని రాసి, రెండు ప్రార్థనలనూ పక్కపక్కనే పెట్టాడు. అతడు వాడిన అరబ్బీ బైబిలు డేవిడ్సన్ కళాశాలలో భద్రంగా ఉంది. అయితే అతడి చివరి రాతల్లో ఒకటైన 1857 నాటి కాగితం వెనుక, ఇది క్రైస్తవుల పరలోక ప్రార్థన అని ఎవరో ఇంగ్లీషులో రాసిపెట్టారు. ముందువైపు ఉన్నది ఖురాన్‌లోని 110వ సూరా. ఆ ఒక్క కాగితంతో అతడి మనసును తేల్చలేము. కానీ అతడి విశ్వాసం గురించి పక్కవారు చెప్పినదాన్ని ప్రమాణంగా తీసుకోకూడదని మాత్రం అది నేర్పుతుంది.

2022లో ఉమర్ కథ ‘ఒమర్’ అనే సంగీతరూపకంగా, అతడు అమ్ముడుపోయిన చార్ల్‌స్టన్‌లోనే తొలిసారి ప్రదర్శితమైంది. రియానన్ గిడెన్స్, మైఖేల్ ఏబెల్స్ రూపొందించిన ఆ కృతికి 2023లో పులిట్జర్ బహుమతి వచ్చింది. ఫయెట్‌విల్‌లో అతడి పేరిట ఒక మసీదు ఉంది. రాలీ, కేరీ ప్రాంతాల్లో స్థిరపడిన తెలుగువారికి అది దూరాభారం కాదు. ఇలాంటి గౌరవాల నడుమ ఒక పొరపాటుకు చోటుంది. కష్టమే అతణ్ణి గొప్పవాణ్ణి చేసిందని అనుకోవడం. అతడు పండితుడైంది ఫూతా తోరోలో, ఇరవై ఐదేళ్ళ చదువుతో. బానిసత్వం అతడికి ఏమీ ఇవ్వలేదు. తన భాషనూ అరబ్బీనీ చాలావరకు మరిచిపోయానని, మన్నించమని అతడే రచనలో వేడుకున్నాడు. అది బానిసత్వం అతడి నుండి తీసుకున్నది.

కాబట్టి అర్థం కష్టంలో దాగి ఉన్న నిధి కాదు. ఇంత పోయాక కూడా మిగిలిన జ్ఞాపకం నుండి ఒక సూరాను ఎంచుకుని, దాన్ని తన కథకు ముందు నిలిపిన చేతిలో ఉంది ఆ అర్థం. అది అతణ్ణి విడిపించలేదు, అతడి సంకెళ్ళను న్యాయమనీ అనలేదు. అతడు ఎవరి సొత్తు అన్న ప్రశ్నకు చట్టం ఇచ్చిన జవాబు తప్పని మాత్రం రాసిపెట్టింది.